కార్బురేటర్ నోటి దగ్గర గాలి లెక్క: ఎంజీబీ ఇంజన్‌లో లాభం ఎక్కడ, భ్రమ ఎక్కడ

పాత కారు బానెట్ ఎత్తగానే కన్ను మొదట పడేది ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద. పెద్దగా, నల్లగా, అడ్డంగా కూర్చుని ఉంటుంది. దాన్ని పీకేసి మెరిసే చిన్న గుండ్రటి ఫిల్టర్లు బిగిస్తే ఇంజన్‌కు గాలి బాగా ఆడుతుందన్న నమ్మకం పాత కార్ల యజమానుల్లో ఏళ్ల తరబడి పాతుకుపోయింది. బిగించాక యాక్సిలరేటర్ తొక్కితే గాలి పీల్చే శబ్దం గట్టిగా వినిపిస్తుంది. ఆ శబ్దాన్ని పికప్ అనుకోవడం చాలా తేలిక. ఇంజన్‌లోకి గాలి ఎక్కువగా వెళ్తోందా లేదా అన్నది మాత్రం చెవితో తేలే విషయం కాదు. ఎక్కడ ఎంత పీడనం పోతోందో లెక్క కట్టి చూడాలి.

ఆ లెక్కకు బ్రిటన్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ చక్కటి ఉదాహరణ. 1962లో మొదలై 1980 వరకు అబింగ్‌డన్‌లో తయారైన ఈ కారులో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ ఇంజన్ ఉంటుంది. దాని సామర్థ్యం 1798 సీసీ. కంపెనీ చెప్పిన శక్తి 5400 ఆర్‌పీఎం దగ్గర 95 హార్స్‌పవర్. చాలా ఏళ్లు ఈ కారుకు గాలిలో పెట్రోల్ కలిపే ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఎస్4 కార్బురేటర్లు రెండు వచ్చాయి. మన వాళ్లకు ఈ ఇంజన్ పరాయిది కాదు. 1959 నుంచి దశాబ్దాల పాటు అంబాసిడర్‌లో నడిచిన 1489 సీసీ ఇంజన్ ఇదే బి-సిరీస్ కుటుంబానిది. అందువల్ల ఎంజీబీ గురించి చెప్పుకునే మాటల్లో చాలా వరకు పాత అంబాసిడర్‌కూ వర్తిస్తాయి.

ఎస్‌యూ కార్బురేటర్ పేర్లలోనే కొలత దాగి ఉంటుంది. హెచ్‌ఎస్ పక్కన ఉన్న అంకె ఒక అంగుళం మీద ఎన్ని ఎనిమిదో వంతులో చెబుతుంది. హెచ్‌ఎస్2 అంటే అంగుళంపావు, హెచ్‌ఎస్4 అంటే అంగుళంన్నర, హెచ్‌ఎస్6 అంటే ఒకటిముప్పావు అంగుళం. ఎంజీబీ కార్బురేటర్ బోర్ (గాలి వెళ్లే రంధ్రం వ్యాసం) అంగుళంన్నర, అంటే 38.1 మిల్లీమీటర్లు. దాని వైశాల్యం సుమారు 11.4 చదరపు సెంటీమీటర్లు.

ఇక గాలి. 5400 ఆర్‌పీఎం దగ్గర సిలిండర్లు 80 శాతం నిండుతాయనుకుంటే ఇంజన్ సెకనుకు దాదాపు 65 లీటర్ల గాలి పీలుస్తుంది. రెండు కార్బురేటర్లు కాబట్టి సగంసగం పంచుకుంటాయని అనిపిస్తుంది. బి-సిరీస్ హెడ్‌లో, అంటే సిలిండర్ల పైనుండే మూత భాగంలో, అలా జరగదు. నాలుగు సిలిండర్లకు గాలి లోపలికి వెళ్లే దారులు (ఇన్‌లెట్ పోర్టులు) రెండే. 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4 సిలిండర్లకు ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ఈ వరుసలో 3 పీల్చిన వెంటనే 4 పీలుస్తుంది, ఆ తర్వాత 2, దాని వెంటనే 1. అంటే ఒక్కో పోర్టు రెండు స్ట్రోకులు వరుసగా లాగి, తర్వాతి రెండు స్ట్రోకులు ఖాళీగా ఉంటుంది. లాగుతున్న సమయంలో ఆ కార్బురేటర్ మొత్తం 65 లీటర్ల వేగానికీ తానే సమాధానం చెప్పాలి. కార్బురేటర్లను హెడ్‌కు కలిపే మానిఫోల్డ్‌లో, రెండు వైపులనూ కలిపే బ్యాలెన్స్ పైపు ఈ ఒత్తిడిని కొంత సర్దుతుంది కానీ పూర్తిగా తీసేయలేదు.

38 మిల్లీమీటర్ల నోటిలోంచి సెకనుకు 65 లీటర్లు వెళ్లాలంటే గాలి వేగం సెకనుకు 57 మీటర్లు ఉండాలి. గంటకు 200 కిలోమీటర్లకు పైనే. అంత వేగంతో పదునైన అంచు దాటి లోపలికి తిరిగే గాలి ఆ అంచును అంటిపెట్టుకుని రాలేదు. అంచు దగ్గర విడిపోయి, లోపల కాస్త దూరం సన్నబడి, చుట్టూ సుడులు వదిలి, ఆ తర్వాతే మళ్లీ బోర్ నిండా పరచుకుంటుంది. కాలువ తూము ముఖాన గోడను గుండ్రంగా మలచడానికి కారణం కూడా ఇదే. పదును అంచు దగ్గర నీరైనా గాలైనా శక్తిని సుడులకు ధారపోస్తుంది.

ఈ నష్టానికి ద్రవ గతిశాస్త్రంలో స్థిరపడిన గుణకాలు ఉన్నాయి. గోడతో సమంగా ఉన్న పదునైన రంధ్రానికి 0.5. గోడ దాటి ముందుకు పొడుచుకు వచ్చిన పలచటి పైపు మూతికి 0.8 దాకా. అంచును బోర్ వ్యాసంలో 0.15 వంతు వ్యాసార్ధంతో గుండ్రంగా తీర్చితే 0.04. మధ్యలో ఉన్న తేడా చూడండి. 38 మిల్లీమీటర్ల బోర్‌కు కావలసిన ఆ గుండ్రదనం 6 మిల్లీమీటర్లు కూడా లేదు. పాత కారు ట్యూనింగ్‌లో ఇంత చిన్న లోహపు వంపుకు ఇంత ఫలితం ఇచ్చే పని ఇంకొకటి దొరకడం కష్టం.

అయితే ఆ ఫలితం ఎంతో కూడా నిజాయితీగా చెప్పాలి. 57 మీటర్ల వేగం దగ్గర గాలి చలన పీడనం సుమారు 1850 పాస్కల్. పదునైన అంచుకు అందులో సగం, అంటే 930 పాస్కల్ దాకా పోతుంది. గుండ్రటి నోటికి పోయేది 75 పాస్కలే. మిగిలింది 850 పాస్కల్. వాతావరణ పీడనం లక్ష పాస్కల్ అనుకుంటే ఇది ఒక శాతం కంటే కొంచెం తక్కువ. 95 హార్స్‌పవర్‌లో ఒక శాతం అంటే దాదాపు ఒక హార్స్‌పవర్. స్ట్రోకు మధ్యలో గాలి వేగం సగటు కన్నా పెరుగుతుంది కాబట్టి లాభం కాస్త ఎక్కువ ఉండొచ్చు. బ్యాలెన్స్ పైపు వల్ల కాస్త తక్కువా ఉండొచ్చు. ఒకటి ఒకటిన్నర మధ్య అనుకోవడం సబబు. అదీ 5400 దగ్గర. నష్టం వేగం వర్గంతో మారుతుంది. రోడ్డు మీద మామూలుగా వాడే 3000 ఆర్‌పీఎం దగ్గర ఇది మూడో వంతుకు పడిపోతుంది. సగం థ్రాటిల్‌లో అయితే బటర్‌ఫ్లై (యాక్సిలరేటర్‌తో తిరిగే పలక) పెట్టే అడ్డు ముందు నోటి నష్టం లెక్కలోకే రాదు.

అయినా ఆ ఒక్క హార్స్‌పవర్‌ను చిన్నచూపు చూడకూడదు. హెడ్ విప్పకుండా, కామ్ మార్చకుండా, పెట్రోల్ ఎక్కువ తాగించకుండా వచ్చేది అది. అందుకే స్టబ్ స్టాక్ అనే చిన్న గుండ్రటి మూతి ఎస్‌యూ కార్బురేటర్లకు విడిగా అమ్ముడవుతోంది. ఫిల్టర్ లోపల ఇమిడేంత పొట్టిగా, కార్బురేటర్ ఫ్లాంజ్ మీద కూర్చునేలా ఉంటుంది. మంచి లేత్ ఉన్న టర్నర్ అల్యూమినియం కడ్డీతో తయారు చేయగల వస్తువే. లోపలి వ్యాసం బోర్‌కు సరిగ్గా కలవాలి, వంపు వెనక్కి తిరిగే దాకా సాగాలి, కలిసే చోట మెట్టు ఉండకూడదు.

డబ్బాను పారేసే ముందు

ఎంజీబీ విషయంలో చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. కంపెనీ ఇచ్చిన ఆ వికారమైన డబ్బాల లోపల, కార్బురేటర్‌కు ఆనుకునే పలక మీద నోటిని గుండ్రంగా తీర్చే వంపు ముందే ఉంటుంది. దాన్ని తీసి, మధ్యలో రంధ్రం కొట్టిన చదును రేకుతో వచ్చే పాన్‌కేక్ ఫిల్టర్ (మొదట చెప్పిన ఆ చిన్న గుండ్రటి రకం) బిగిస్తే గాలికి దొరికేది పదును అంచు. ఫిల్టర్ కాగితంలో లేదా నూలు గుడ్డలో ఎంత మిగిలినా, ఆ అంచు దగ్గర అంతకు మించి పోవచ్చు. డబ్బులు ఖర్చుపెట్టి, శబ్దం పెంచుకుని, శక్తి తగ్గించుకోవడం సాధ్యమేనన్న మాట. పాన్‌కేక్ ఫిల్టర్ వాడితే స్టబ్ స్టాక్ తప్పనిసరి.

ఫిల్టర్ లోతు కూడా చూడాలి. నోటికి ఎదురుగా ఉన్న మూత మరీ దగ్గరగా ఉంటే గాలి పక్కల నుంచి దూరే సందే గొంతును నొక్కేస్తుంది. వ్యాసంలో నాలుగో వంతు, అంటే 9.5 మిల్లీమీటర్ల సందు ఉంటే ఆ చుట్టుకొలత మీది వైశాల్యం బోర్ వైశాల్యానికి సమానమవుతుంది. అది కనీసం మాత్రమే. ఇబ్బంది లేకుండా ఉండాలంటే దానికి రెండు మూడు రెట్లు వదలాలి. 45 మిల్లీమీటర్ల లోతున్న ఫిల్టర్‌లో 20 మిల్లీమీటర్ల స్టబ్ స్టాక్ పెడితే 25 మిల్లీమీటర్లు మిగులుతుంది, సరిపోతుంది. అంతకన్నా పలచటి ఫిల్టర్ అందంగా కనిపిస్తుంది కానీ పనికి రాదు.

ఇక్కడే ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. హెచ్‌ఎస్4 ముఖం మీద, బోర్‌కు పైన, చిన్న రంధ్రాలు ఉంటాయి. ఎస్‌యూ కార్బురేటర్‌లోనే, ఇంజన్ పిస్టన్‌తో సంబంధం లేకుండా, పైకీ కిందికీ కదిలే పిస్టన్ ఒకటి ఉంటుంది. దాని కింది భాగానికి బయటి గాలి చేరేది ఆ రంధ్రాల ద్వారానే. పిస్టన్ పైకి లేవాలంటే పైన శూన్యం, కింద మామూలు గాలి, రెండూ కావాలి. ఫిల్టర్ ప్యాకింగ్‌ను తలకిందులుగా పెట్టినా, కొత్త రేకులో వాటికి ఎదురుగా రంధ్రాలు లేకపోయినా పిస్టన్ సరిగా లేవదు. ఐడ్లింగ్ బాగానే ఉంటుంది, తొక్కితే మాత్రం ఇంజన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. పెట్రోల్ వచ్చే జెట్‌లో చెత్త చేరిందనో, పెట్రోల్ పంపు పోయిందనో వెతుకుతూ రోజులు గడిచిపోతాయి. కొత్త ఫిల్టర్ పెట్టాక ఇబ్బంది మొదలైతే మొదట విప్పి చూడాల్సింది ఆ ప్యాకింగే.

గాలి పెరిగితే పెట్రోల్ సంగతి

ఎస్‌యూ తనంతట తానే సర్దుకుంటుందని అంటారు. సగమే నిజం. లోపలికి వెళ్లే గాలిని బట్టి పిస్టన్ లేస్తుంది, దానితో జెట్‌లోకి దిగి ఉండే నీడిల్ (సూది) లేస్తుంది, జెట్ సందు పెరుగుతుంది. పిస్టన్ కింది గాలి ఫిల్టర్ వైపు నుంచి వస్తుంది కాబట్టి అది కార్బురేటర్ నోటికీ గొంతుకూ (జెట్ పైన గాలి దారి ఇరుకయ్యే చోటు) మధ్య ఉన్న పీడనం తేడానే చూస్తుంది. ఫిల్టర్‌లో ఎంత పీడనం పోయిందో దానికి తెలియదు. పెట్రోల్ నిల్వ ఉండే ఫ్లోట్ చాంబర్ మాత్రం హెచ్‌ఎస్4లో నేరుగా బయటి గాలికి తెరిచి ఉంటుంది. పెట్రోల్‌ను జెట్‌లోంచి పైకి తోసేది బయటి గాలికీ గొంతుకూ మధ్య ఉన్న మొత్తం తేడా. అందులో ఫిల్టర్ నష్టం కూడా కలిసి ఉంటుంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. గొంతు దగ్గర తేడా 2 కిలోపాస్కల్ అనుకుందాం. పాత ఫిల్టర్, డబ్బా కలిపి మరో 0.5. మొత్తం 2.5. కొత్త ఏర్పాటులో ఆ 0.5 కాస్తా 0.1 అయితే మొత్తం 2.1. పెట్రోల్ ప్రవాహం ఈ తేడా వర్గమూలంతో నడుస్తుంది కాబట్టి అది 8 శాతం తగ్గుతుంది. నిండు థ్రాటిల్‌లో 12.8 దగ్గర ఉన్న గాలి-పెట్రోల్ నిష్పత్తి 14కు చేరుతుంది. శక్తి కోసం కావలసిన మిశ్రమం కన్నా ఇది బాగా పలచన. గాలి పెంచి సంపాదించిన ఒక్క హార్స్‌పవర్ ఈ పలచదనంలో కొట్టుకుపోతుంది. పైగా ఎగ్జాస్ట్ వాల్వులు వేడెక్కుతాయి, ఎండాకాలంలో ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ నాక్ కొడుతుంది.

జెట్ కింది నట్టు తిప్పితే చాలదు. నట్టు తిప్పితే ఐడ్లింగ్‌లోనూ మిశ్రమం రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అవుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. ఎస్‌యూ నీడిల్ వ్యాసాన్ని అంగుళంలో ఎనిమిదో వంతుకు ఒకసారి కొలిచి పట్టికలు అచ్చువేశారు. పై భాగాలు పాతదానితో సమానంగా ఉండి, పిస్టన్ బాగా లేచినప్పుడు జెట్‌లోకి వచ్చే కింది భాగాలు సన్నగా ఉన్న నీడిల్‌ను ఆ పట్టికల్లో వెతకాలి. అలాంటి నీడిల్ దొరికితేనే గాలి పెంచిన పని పూర్తయినట్టు. నీడిల్ మార్చే ఉద్దేశం లేకపోతే ఫిల్టర్ జోలికి పోకపోవడమే ఆ ఇంజన్‌కు మేలు.

వేడి గాలి: అసలు దొంగ

ఇప్పటి దాకా మాట్లాడింది ఒక శాతం గురించి. బి-సిరీస్‌లో అంతకు నాలుగైదు రెట్లు నష్టం చేసేది వేడి. ఈ హెడ్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్క ఉంటాయి. కార్బురేటర్ల కిందే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎర్రగా కాలుతుంటుంది. మూసిన బానెట్ కింద, ట్రాఫిక్‌లో, ఫిల్టర్ దగ్గరి గాలి 65 డిగ్రీలు దాటడం వింత కాదు. బయట 35 డిగ్రీలు ఉంటే ఆ వేడి గాలి సాంద్రత 9 శాతం తక్కువ. లోపలికి వెళ్లే దారిలో చల్లటి గాలి కూడా కొంత వేడెక్కుతుంది కాబట్టి పూర్తి 9 శాతం శక్తి పోదు. ఇంజన్ పరీక్షల్లో ఉష్ణోగ్రత సవరణకు వర్గమూలం వాడటం అందుకే. ఆ లెక్కన నష్టం నాలుగున్నర శాతం. 95 హార్స్‌పవర్‌లో నాలుగు పోయినట్టు. స్టబ్ స్టాక్ ఇచ్చినదానికి ఇది మూడు నాలుగింతలు.

మూతి ఎంత గుండ్రంగా తీర్చినా పీల్చేది ఎగ్జాస్ట్ పక్కన కాగిన గాలే అయితే శ్రమ వృథా. పాన్‌కేక్ ఫిల్టర్ల మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. అవి నాలుగు వైపులా తెరిచి, మానిఫోల్డ్ పైనున్న వేడిని నేరుగా తాగుతాయి. కారును రోలర్ల మీద నడిపి శక్తి కొలిచే రోలింగ్ రోడ్ పరీక్షలో ఈ లోపం బయటపడదు. అక్కడ బానెట్ ఎత్తి ఉంచి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెడతారు. కాగితం మీద వచ్చిన హార్స్‌పవర్ రోడ్డు మీద కనిపించకపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఉండదు.

చేయాల్సింది ముందు హీట్ షీల్డ్ సరిచూడటం. ఎంజీబీలో కార్బురేటర్లకూ ఎగ్జాస్ట్‌కూ మధ్య ఉండే ఆ రేకును చాలా కార్లలో ఎప్పుడో తీసి పడేసి ఉంటారు. ఒరిజినల్ షీల్డ్‌కు ఎగ్జాస్ట్ వైపు ఆస్‌బెస్టాస్ పొర ఉండేది. దాన్ని గీకడం, రుద్దడం ప్రాణానికే ముప్పు. పొర ఊడుతుంటే షీల్డ్ మొత్తం మార్చాలి. కార్బురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య ఉండే ఇన్సులేటర్ దిమ్మె కూడా వేడిని ఆపేదే. లావుగా ఉంది కదా అని దాన్ని తీసేస్తే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మరుగుతుంది. తెలంగాణ, రాయలసీమ ఎండల్లో అంబాసిడర్ నడిపినవాళ్లకు ఆగిన కారు మళ్లీ స్టార్ట్ కాని అనుభవం కొత్తగా చెప్పక్కర్లేదు.

తర్వాత గ్రిల్ వైపు నుంచి గాలి తెచ్చే గొట్టం. 75 మిల్లీమీటర్ల గొట్టం వైశాల్యం 44 చదరపు సెంటీమీటర్లు, రెండు కార్బురేటర్ల నోళ్లు కలిపినదానికి దాదాపు రెట్టింపు. సెకనుకు 65 లీటర్లు దాంట్లో 15 మీటర్ల వేగంతోనే పోతాయి, నష్టం స్వల్పం. దాన్ని మూసి ఉన్న డబ్బాకు కలపాలి, డబ్బా లోపల ఫిల్టర్, స్టబ్ స్టాక్‌లు ఉండాలి. తిరిగి తిరిగి కంపెనీ డబ్బా దగ్గరికే వచ్చినట్టు ఉంటుంది, నిజమే. కంపెనీ ఇంజనీర్ల ఆలోచన సరైనది, వాళ్లకు అడ్డొచ్చింది శబ్దం, ఖర్చు, స్థలం.

ఎదురుగాలి దూరి ఇంజన్‌ను నింపుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోకూడదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి పీడనం 450 పాస్కల్ లోపే, అర శాతం కూడా కాదు. పైగా డబ్బాలో పీడనం పెరిగి ఫ్లోట్ చాంబర్ మామూలు గాలిలోనే ఉంటే, ఇందాకటి లెక్క ప్రకారం మిశ్రమం ఇంకా పలచబడుతుంది. గొట్టం తెచ్చే లాభం చల్లదనమే.

కార్బురేటర్ లోపలికి వస్తే, 38 మిల్లీమీటర్ల బోర్‌కు అడ్డంగా దాదాపు 8 మిల్లీమీటర్ల థ్రాటిల్ స్పిండిల్ (బటర్‌ఫ్లై తిరిగే ఇరుసు) ఉంది. పూర్తిగా తెరిచినప్పుడు కూడా వైశాల్యంలో పావు వంతును అది కప్పుతుంది. రేసు కార్లవాళ్లు దాన్ని పలచగా రుద్దుతారు, స్క్రూ తలలు కోసేస్తారు. రోడ్డు కారుకు ఆ పని వద్దు. పలచబడ్డ స్పిండిల్ విరిగితే ముక్కలు వెళ్లేది సిలిండర్‌లోకే. కొన్ని తర్వాతి కార్బురేటర్ల బటర్‌ఫ్లై మీద స్ప్రింగుతో కూడిన చిన్న వాల్వు ఉంటుంది, అది ఉద్గారాల నియమాల కోసం వచ్చింది. గాలికి అడ్డం, పాతబడితే లీకు. నియమాలు అడ్డురాని చోట దాన్ని సాదా బటర్‌ఫ్లైతో మార్చడం మంచి పని. అరిగిన స్పిండిల్ బుష్‌లు మార్చడం అంతకన్నా మంచి పని. జెట్ చుట్టూ ఉన్న, బ్రిడ్జి అనే ఎత్తు భాగాన్ని ఎవరూ ముట్టకూడదు. అక్కడి ఆకారం మారితే ఏ నీడిల్ పట్టికా పనికిరాదు.

కార్బురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య ప్యాకింగ్ లోపలికి పొడుచుకు వచ్చి ఉందేమో చూసి కత్తిరించడం పది నిమిషాల పని. గాలి వెళ్లే దిశలో చిన్నదాని నుంచి పెద్దదానికి వచ్చే మెట్టు పెద్దగా బాధించదు. పెద్దదాని నుంచి చిన్నదానికి ఎదురయ్యే మెట్టును మాత్రం సరిచేయాలి.

ఫిల్టర్ లేకుండా ఒట్టి గరాటాలు పెట్టుకుని తిరగడం గురించి ఒక మాట. ఇంగ్లండ్ రేసు ట్రాక్ మీద అది ఒక్క రోజు వ్యవహారం. మన రోడ్ల దుమ్ములో అది సిలిండర్ బోర్లను, రింగులను అరగదీసే పని. జాలీ వలలు రాళ్లనే ఆపుతాయి, దుమ్మును ఆపలేవు. పాత అంబాసిడర్లలో వచ్చిన ఆయిల్ బాత్ ఫిల్టర్ బరువైనదే, గాలికి కొంత అడ్డమే, అయినా నూనె మట్టం సరిగ్గా ఉంచి శుభ్రం చేస్తుంటే ఇంజన్‌కు అది చేసే మేలు ఒక హార్స్‌పవర్‌తో తూచదగ్గది కాదు. మార్చాలనుకుంటే పెద్ద కాగితపు ఎలిమెంట్ పట్టే డబ్బాకు మార్చాలి.

ఇదంతా ఇంట్లోనే కొలిచి చూడొచ్చు. మీటరు పొడవున్న పారదర్శక గొట్టాన్ని యు ఆకారంలో వంచి, సగం నీళ్లు పోసి, ఒక కొసను ఫిల్టర్ డబ్బాలో కార్బురేటర్ నోటి ముందున్న చోటికి కలిపితే చాలు. 1 కిలోపాస్కల్ తేడా అంటే నీటి మట్టాల మధ్య సుమారు 10 సెంటీమీటర్లు. ఖాళీ రోడ్డు మీద, పక్కన ఇంకొకరు కూర్చుని చూస్తుండగా, మూడో గేరులో నిండు థ్రాటిల్‌తో 4000 ఆర్‌పీఎం దగ్గర ఎంత తేడా వస్తుందో రాసుకోవాలి. తేడా 1 సెంటీమీటర్ కూడా లేకపోతే ఫిల్టర్, డబ్బా మార్చడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. 5 సెంటీమీటర్లు దాటితే మొదట ఎలిమెంట్ కొత్తది వేసి మళ్లీ కొలవాలి. నోటి అంచు దాటాక జరిగే నష్టం ఈ గొట్టంలో కనిపించదు. దాన్ని ఫిల్టర్ విప్పి, వేలితో అంచు తడిమి తెలుసుకోవాలి. డబ్బాలోనే ఒక థర్మామీటర్ కూడా పెట్టి, అరగంట ట్రాఫిక్‌లో తిరిగి వచ్చాక బయటి ఉష్ణోగ్రతతో పోల్చితే, ముందు డబ్బు దేనికి పెట్టాలో ఆ రెండు కొలతలే చెబుతాయి.